కాలరేఖ చార్టును జూమ్ చేస్తే డేటా వివరం ఎలా మారాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో ఉంటూ వానలు, నీటిమట్టాలు, ఉల్లి ధరలు, కరెంటు ఉత్పత్తి లాంటి వాటికి వెబ్ చార్టులు చేస్తుంటాను. తేదీల వెంట సాగే ఒక గీత, దాన్ని వేళ్లతో దగ్గరికి లాక్కుని చూసుకునే వీలు. చూడ్డానికి ఇంతే. కానీ జూమ్ చేసినప్పుడు వెనకాల ఉన్న డేటా ఎంత వివరంగా కనబడాలన్న దగ్గరే పని కష్టమవుతుంది. మాతో కొత్తగా పనిచేసే పిల్లలు, అనంతపురం, కడప నుంచి ఫోన్ చేసే మిత్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి రెండు మాటల్లో జవాబు అయిపోతుంది, కొన్నిటికి కాదు.

డేటా అంతా ఒకేసారి గీసేస్తే సరిపోదా? జూమ్‌ను బట్టి మార్చడం ఎందుకు?

చిన్న డేటా అయితే గీసేయండి. ఏడాది పాటు రోజువారీ వర్షపాతం అంటే 365 అంకెలు. దానికి ఏ ఏర్పాటూ అక్కర్లేదు.

ఇప్పుడు 15 నిమిషాలకోసారి రీడింగ్ పంపే రెయిన్ గేజ్‌ను తీసుకోండి. రోజుకు 96 రీడింగులు, ఏడాదికి 35,040, పదేళ్లకు మూడున్నర లక్షలు. మామూలు ఫోన్‌లో చార్టు వెడల్పు దాదాపు 400 పిక్సెళ్లు. అంటే ఒక్కో నిలువు పిక్సెల్ వరుసలో 870కి పైగా రీడింగులు ఒకదాని మీద ఒకటి పడతాయి. కంటికి కనబడేది మందపాటి మరక మాత్రమే. ఆ మరక కోసం, రీడింగుకు 40 బైట్లు లెక్క వేసుకున్నా 14 ఎంబీ ఫోన్‌లోకి దిగాలి. సిగ్నల్ ఒక గీత మీద నిలబడే పల్లెలో ఆ పేజీ తెరుచుకునేలోపు మనిషి ఫోన్‌ను జేబులో పెట్టేసుకుంటాడు.

ఆన్‌లైన్ మ్యాపులు చూడండి. రాష్ట్రమంతా తెర మీద ఉన్నప్పుడు కొండారెడ్డి బురుజు పక్క సందు గీయరు. కర్నూలు దాకా దగ్గరికి వచ్చాక గీస్తారు. కాలరేఖకూ అదే పద్ధతి. దూరం నుంచి చూసేవాళ్లకు దూరానికి తగ్గ వివరం, దగ్గరికి వచ్చినవాళ్లకు అసలు రీడింగులు.

ఎంత జూమ్‌కు ఎంత వివరం? లెక్క ఎలా వేయాలి?

తెర మీద కనబడుతున్న కాలాన్ని చార్టు వెడల్పుతో భాగించండి. వచ్చింది ఒక పిక్సెల్‌కు పట్టే కాలం. ఆ కాలానికి దగ్గరగా, మనిషికి అర్థమయ్యే కొలతను ఎంచుకోండి: 15 నిమిషాలు, గంట, రోజు, వారం, నెల. ఇలా కాలాన్ని ముక్కలు చేసుకున్న ఒక్కో ముక్కను మేం బకెట్ అంటాం.

400 పిక్సెళ్ల మీద ఏడాది చూస్తుంటే పిక్సెల్‌కు దాదాపు 22 గంటలు. కాబట్టి రోజు బకెట్. నెల చూస్తుంటే గంటా నలభై ఎనిమిది నిమిషాలు, గంట బకెట్ చాలు. నాలుగు రోజుల దాకా వచ్చేసరికి పిక్సెల్‌కు 14.4 నిమిషాలు, అంటే ఇక అసలు రీడింగులే. పదేళ్లయితే తొమ్మిది రోజులు దాటుతుంది, వారం బకెట్‌కు వెళ్లండి. పిక్సెల్‌కు 21.9 గంటలు వచ్చింది కదా అని 21.9 గంటల బకెట్లు మాత్రం కట్టొద్దు. అలాంటి ముక్కకు పేరుండదు. చూసేవాళ్లు దాన్ని దేనితోనూ పోల్చుకోలేరు.

ఈ లెక్క గీతకు. నిలువు పట్టీలకు ఇంకొంచెం జాగా కావాలి, పిక్సెల్‌కొక పట్టీ పెడితే మధ్యలో సందు ఉండదు. హైచార్ట్స్ స్టాక్ అనే చార్టు లైబ్రరీలో గీతకైతే గుంపుకు 2 పిక్సెళ్లు, పట్టీలకైతే 10 పిక్సెళ్లు అని ముందే పెట్టి ఉంటుంది. మంచి కొలతే. ఫోన్‌లో ఏడాది వానను పట్టీలుగా చూపాలంటే రోజు కాదు, వారం బకెట్ సరిపోతుంది.

ఒక బకెట్‌లో పడిన రీడింగులన్నిటినీ ఒక్క అంకెగా ఎలా మార్చాలి? సగటు తీస్తే చాలదా?

చాలదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

మొదట్లో కొందరు రైతులు పొలాల్లో పెట్టుకున్న రెయిన్ గేజ్‌లకు చార్టు చేశాను. ఏడాదంతా చూసేటప్పుడు రోజుకొక సగటు తీసి గీత గీశాను. చూపించడానికి వెళ్తే ఒక పెద్దాయన ఫోన్ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో సెప్టెంబరు దాకా జరిపి ఆగాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. మళ్లీ ముందుకు. "ఏమప్పా, ఆ పొద్దు రాత్రి వాన ఏదీ? ఎర్రగడ్డలు పీకి చేన్లో ఆరబెట్టుకున్న పొద్దు. రెండు గంటలు కుండపోతగా కొట్టింది గదా. ఇందులో లేనే లేదే?" అన్నాడు.

ఆ రోజు నా గీతలో ఉంది. వాన లేదు. పావుగంటకు 8 మి.మీ. చొప్పున ఎనిమిది రీడింగులు, మిగతా 88 సున్నాలు. సగటు చేస్తే 0.67. తెర మీద అది అడుగు గీతకు అంటుకుపోయిన చిన్న బొడిపె. ఆయన పంటను కుళ్లబెట్టిన రాత్రి అది. ఆయన ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టినప్పుడు నాకు చాలా బాధ వేసింది. డేటా తప్పు కాదు, సెన్సర్ తప్పు కాదు. ఆ రెండు గంటలను చెరిపేసింది నేను రాసిన ఒక్క వరుస కోడ్.

వానను కూడాలి. ఆ రోజుకు 64 మి.మీ. అని పట్టీ నిలబడాలి. ఆ మొత్తం కూడా సగమే చెబుతుంది. 64 మి.మీ. పొద్దంతా నిదానంగా పడితే నేల తాగుతుంది, రెండు గంటల్లో పడితే కట్టలు తెంచుతుంది. అందుకే పట్టీ మీద ఒక చుక్క కూడా పెడుతున్నాను: ఆ బకెట్‌లో అన్నిటికంటే జోరుగా పడిన పావుగంట ఎంత అన్నది. పట్టీ ఎత్తులో చుక్క బాగా పైకి ఉంటే, దగ్గరికి వెళ్లి చూడాల్సిన రోజు అదే.

ప్రతి కొలతకూ ఇలా ఆలోచించాల్సిందే. జలాశయం నీటిమట్టాన్ని కూడితే అర్థం లేదు. బకెట్‌లో కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంచి మధ్యలో లేత రంగు పట్టా గీయండి. తుంగభద్ర డ్యామ్ పూర్తి మట్టం 1633 అడుగులు, శ్రీశైలానికి 885. ఆ మట్టాన్ని తాకిందా లేదా అన్నదే చూసేవాళ్లకు కావాలి, సగటు ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. ప్రవాహానికి సగటు పనికొస్తుంది, ఎన్ని టీఎంసీలు వచ్చాయో లెక్క తేలుతుంది. అయినా గరిష్ఠాన్ని పక్కనే ఉంచాలి. 2009 అక్టోబర్ 2న కర్నూలును ముంచిన వరదప్పుడు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా ప్రవాహం వచ్చింది. ఆ అక్టోబరును ఒక్క నెల సగటుగా చూపితే మిగతా వారాల మామూలు ప్రవాహం కలిసి కొండ కాస్తా గుట్ట అవుతుంది. ఆ నీళ్లలో మిద్దెలెక్కి నిలబడినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఆ గుట్టను చూపించలేను.

మార్కెట్ యార్డు ధరలకు రోజూ కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర (ఎక్కువ సరుకు అమ్ముడైన ధర) అని మూడు వస్తాయి. వారానికి కుదించేటప్పుడు కనిష్ఠాల్లో కనిష్ఠం, గరిష్ఠాల్లో గరిష్ఠం తీసుకోండి. మోడల్ ధరను మాత్రం ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో ఆ బరువుతో లెక్కించాలి. పది క్వింటాళ్లు వచ్చిన రోజూ, పది వేల క్వింటాళ్లు వచ్చిన రోజూ సమానం కాదు. గాలి దిక్కును మామూలుగా సగటు చేయనే కూడదు. 350 డిగ్రీలు, 10 డిగ్రీలు రెండూ ఉత్తరమే. సగటు 180, అంటే దక్షిణం.

ఎల్‌టీటీబీ వాడమంటారు. అది ఏం చేస్తుంది?

గీతలోని పాయింట్లను తగ్గించే పద్ధతి ఇది. పూర్తి పేరు లార్జెస్ట్ ట్రయాంగిల్ త్రీ బకెట్స్. స్వెయిన్ స్టెయినార్సన్ 2013లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తన ఎంఎస్‌సీ సిద్ధాంత వ్యాసంలో ప్రతిపాదించారు. మొదటి పాయింట్, చివరి పాయింట్ ఎలాగూ ఉంచుతుంది. మధ్యలో ప్రతి బకెట్ నుంచి ఒక్క పాయింట్‌నే ఎంచుతుంది. ఇంతకుముందు ఎంచిన పాయింట్, తర్వాతి బకెట్ సగటు, ఈ బకెట్‌లోని ఒక్కో పాయింట్ కలిపి త్రిభుజాలు కడితే, దేని వైశాల్యం పెద్దదో ఆ పాయింట్ ఉంటుంది, మిగతావి పోతాయి. కొత్త అంకెలను పుట్టించదు, ఉన్న రీడింగుల్లోంచే ఏరుకుంటుంది. గీత ఆకారం చక్కగా నిలుస్తుంది.

నాకు ఇష్టమైన పద్ధతే, కానీ దాని చోటు దానిదే. అది కంటి కోసం, లెక్క కోసం కాదు. దానితో కుదించిన వానను కూడితే వచ్చేది వట్టి చెత్త. ఒక బకెట్‌లో ఒక ఎత్తు, ఒక లోతు రెండూ ఉంటే ఒకదాన్ని వదిలేస్తుంది. పక్కకు జరిపేకొద్దీ బకెట్ల హద్దులు మారి, ఏరిన పాయింట్లు మారి, గీత సన్నగా వణుకుతుంది కూడా.

శిఖరం పోకూడదనుకున్న చోట ఎం4 అనే ఇంకో పద్ధతి మేలు. 2014లో వీఎల్‌డీబీ అనే డేటాబేస్ పరిశోధనల వేదికపై ప్రచురితమైంది. ఒక్కో పిక్సెల్ వరుసకు మొదటిది, చివరిది, కనిష్ఠం, గరిష్ఠం అని నాలుగు ఉంచుతుంది. డేటా అంతా గీస్తే తెర మీద ఏ గీత పడుతుందో ఈ నాలుగుతోనూ అదే పడుతుంది. మొదటిది, చివరిది ఎందుకంటే, పక్క వరుసతో కలిపే గీత సరైన చోట మొదలవ్వాలి కదా. డేటాబేస్‌లో వరుసలను గుంపులు చేసే మామూలు గ్రూప్ బై ఆదేశంతోనే రాయొచ్చు.

రోజు బకెట్లను కూడి నెల బకెట్ చేయొచ్చా?

మొత్తాలు, కనిష్ఠాలు, గరిష్ఠాలు అయితే నిశ్చింతగా చేయొచ్చు. సగటును కాదు. సోమవారం 96 రీడింగులు, సగటు ఉష్ణోగ్రత 34. మంగళవారం బ్యాటరీ దిగిపోయి తెల్లవారుజామున 6 రీడింగులే వచ్చాయి, సగటు 26. రెండు రోజుల సగటు 30 అని రాస్తే తప్పు. రీడింగుల లెక్కన అది 33.5. అందుకే బకెట్‌లో సగటును దాచొద్దు. మొత్తం ఎంత, రీడింగులు ఎన్ని అన్న రెండూ దాచి, చూపేటప్పుడు భాగించుకోండి. మధ్యగతాలకు ఈ ఉపాయం కూడా పనిచేయదు, అసలు డేటా దగ్గరికే వెళ్లాలి.

పైన 33.5 కూడా పూర్తి నిజం కాదని గమనించండి. మంగళవారం మధ్యాహ్నపు ఎండ అందులో లేదు. రీడింగులు ఎన్నో దాచమన్నది అందుక్కూడా. సగానికి తక్కువ రీడింగులున్న బకెట్‌ను నేను లేత రంగులో గీస్తాను.

పేపర్లో 15వ తేదీ వాన అని వచ్చింది, నా చార్టులో 14 అని ఉంది. ఏది తప్పు?

రెండూ ఒప్పే కావొచ్చు. రోజు ఎక్కడ మొదలవుతుందన్నదే తేడా.

భారత వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. అప్పటికి గడిచిన 24 గంటల వానను ఆ తేదీ కింద రాస్తారు. 14 రాత్రి పడిన వాన 15వ తేదీ లెక్కలోకి వెళ్తుంది. మీరు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి బకెట్ కట్టి ఉంటారు, అందుకే 14న కనబడుతోంది.

ఇంకో పొరపాటు దీనికంటే ఎక్కువ చూశాను. సర్వర్ గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. రోజు బకెట్‌ను యూటీసీలో కడితే మన రోజు పొద్దున 5:30కి మొదలవుతుంది. గంట బకెట్‌లోనూ చిక్కే: ఆ అరగంట వల్ల బకెట్ 10:30కి మొదలై 11:30కి ముగుస్తుంది, కింద మాత్రం 10 గంటలని రాసి ఉంటుంది. ఐదు గంటల తేడా ఉన్న దేశాల్లో ఈ తప్పు గంట బకెట్లలో బయటపడదు. అందుకే విదేశీ ఉదాహరణలు చూసి రాసిన కోడ్ మన దగ్గర ఇలా దెబ్బతింటుంది.

ఒక్కో కొలతకూ రోజు ఎక్కడ మొదలవుతుందో డేటాతో పాటే రాసిపెట్టుకోండి. వానకు 8:30, మిగతావాటికి మన అర్ధరాత్రి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 14వ వెర్షన్ నుంచి ఉన్న డేట్ బిన్ ఫంక్షన్‌లో ఏ క్షణం నుంచి ముక్కలు కొట్టాలో చెప్పొచ్చు. మనకు ఎండాకాలం గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి ఒకసారి సరిగ్గా పెడితే ఏడాదంతా నిలుస్తుంది. ఏడాది బకెట్‌కూ ఇదే మాట. ప్రాజెక్టుల నీటి సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. జనవరి నుంచి డిసెంబరుకు కట్టిన పట్టీలను కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద రైతుకు చూపిస్తే, ఆయన మనసులో ఉన్న ఏడాదికీ దానికీ పొంతన కుదరదు.

ఈ కుదింపు బ్రౌజర్‌లో చేయాలా, సర్వర్‌లో చేయాలా?

కొన్ని పదుల వేల పాయింట్ల లోపు బ్రౌజర్‌లో చేయండి. చార్ట్‌జేఎస్ లైబ్రరీలో గీతల కోసం పాయింట్లను తగ్గించే డెసిమేషన్ అనే ఏర్పాటు ఉంది, ఎల్‌టీటీబీ, మిన్-మ్యాక్స్ రెండూ ఇస్తుంది. అపాచీ ఈచార్ట్స్ అనే ఇంకో లైబ్రరీలో శాంప్లింగ్ అని పెట్టి ఎల్‌టీటీబీ, సగటు, గరిష్ఠం, కనిష్ఠం, మొత్తంలో ఒకటి ఎంచుకోవచ్చు. లైబ్రరీ తనకు తానుగా ఏది ఎంచుకుంటుందో మాత్రం చూసుకోండి. గీత అనగానే సగటు తీసే లైబ్రరీలున్నాయి, పైన చెప్పిన పెద్దాయన వాన పోయినట్టే మీదీ అక్కడ పోతుంది.

లక్షల్లోకి వెళ్తే సర్వర్‌లోనే కుదించాలి. అడిగినప్పుడల్లా లెక్క వేయకుండా గంట, రోజు పట్టికలను ముందే కట్టిపెట్టుకోండి. జాగా గురించి టెన్షన్ అక్కర్లేదు. పావుగంట రీడింగులకు గంట పట్టిక అంటే నాలుగో వంతు వరుసలు, రోజు పట్టిక అంటే 96వ వంతు. రెండూ కలిపినా వరుసలు 26 శాతమే పెరుగుతాయి. టైమ్‌స్కేల్ డీబీ అనే డేటాబేస్‌లో కంటిన్యువస్ అగ్రిగేట్స్ అని ఉన్నాయి, కొత్త రీడింగులు వచ్చేకొద్దీ ఈ పట్టికలను అదే సరిచేసుకుంటుంది. అది లేకపోయినా రాత్రిపూట నడిచే చిన్న స్క్రిప్టు చాలు. ఆలస్యంగా వచ్చే రీడింగుల కోసం ఆ స్క్రిప్టు గడచిన మూడు నాలుగు రోజులను కూడా మళ్లీ లెక్కించాలి. సిగ్నల్ లేక గేజ్‌లోనే ఆగిపోయిన డేటా రెండు రోజుల తర్వాత ఒక్కసారిగా వచ్చిపడుతుంటుంది.

జూమ్ చేస్తుంటే చార్టు మినుకుమంటోంది, ఒక్కోసారి పాత గీత వచ్చి కూర్చుంటోంది. ఏం చేయాలి?

వేలు కదిలిన ప్రతిసారీ సర్వర్‌ను అడుగుతున్నారన్నమాట. వేలు ఆగాక 200 మిల్లీసెకన్ల దాకా ఓపిక పట్టి అప్పుడు అడగండి. ఆ మధ్యలో తెరను ఖాళీ చేయొద్దు. చేతిలో ఉన్న పాత గీతనే సాగదీసి చూపండి. మొరటుగా ఉన్నా ఫర్వాలేదు, మనిషి తాను ఎక్కడున్నాడో మరిచిపోడు. కొత్త డేటా రాగానే దాని మీద నిలపండి.

పాత గీత వచ్చి కూర్చోవడానికి కారణం వేరు. మొదట ఏడాది అడిగారు, వెంటనే వారం అడిగారు. వారం డేటా చిన్నది, ముందొచ్చింది. ఏడాది డేటా వెనకాల వచ్చి దాన్ని తుడిచేసింది. కొత్తది అడిగేటప్పుడు పాత అభ్యర్థనను బ్రౌజర్‌లోనే ఉండే అబార్ట్ కంట్రోలర్‌తో రద్దు చేయండి. చూస్తున్న కాలానికి అటూ ఇటూ సగం సగం అదనంగా తెచ్చిపెట్టుకుంటే పక్కకు జరిపినప్పుడు ఎదురుచూపు ఉండదు.

హద్దు దగ్గర ఇంకో చిక్కుంది. నలభై రోజులు దాటితే రోజు బకెట్, లోపల అయితే గంట బకెట్ అని పెట్టారనుకోండి. ఆ నలభై దగ్గర వేలు కాస్త వణికితే చార్టు రెండింటి మధ్య కొట్టుకుంటుంది. దగ్గరికి వెళ్లేటప్పుడు 35 రోజుల దగ్గర మార్చండి, దూరం జరిగేటప్పుడు 45 దగ్గర. ఆ పది రోజుల ఎడం చాలు.

డేటా లేని చోట గీతను ఏం చేయాలి?

తెంచేయండి. సున్నా అని గీయొద్దు, అటు చివర ఇటు చివర కలిపి వంతెనా వేయొద్దు.

గని, శకునాల గ్రామాల దగ్గరున్న 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటి చోట రాత్రి ఉత్పత్తి సున్నా. అది నిజమైన సున్నా. మధ్యాహ్నం రెండు గంటలు మీటర్ నుంచి ఏమీ రాకపోతే అది సున్నా కాదు, మనకు తెలియని రెండు గంటలు. దగ్గరగా చూస్తే ఈ రెంటి తేడా ఎవరికైనా కనబడుతుంది. రోజుకు కుదించాక కలిసిపోతాయి, ఆ రోజు ఉత్పత్తి తగ్గినట్టు తేలుతుంది. ఎండ తగ్గిందనుకుని కారణాలు వెతుక్కుంటారు. మార్కెట్ యార్డుకు సెలవు రోజున ధర సున్నా కాదు, ధర లేదు. ఈ తేడా బకెట్ దాటి పైకి వెళ్లేలా మీరు పూనుకుని మోసుకెళ్లాలి, తనంతట తాను వెళ్లదు.

2022లో జిల్లాలు విడిపోయాక గీత ఒక్కసారిగా పడిపోయింది. సరిచేయాలా?

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల వేరయింది, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప వైపు అన్నమయ్య జిల్లా ఏర్పడ్డాయి. సాగు విస్తీర్ణం, ఉత్పత్తి లాంటి జిల్లా మొత్తాలన్నీ ఆ తేదీ దగ్గర మెట్టులా దిగుతాయి. మండలాల వారీగా డేటా ఉంటే పాత హద్దుల ప్రకారం ఒక గీత, కొత్త హద్దుల ప్రకారం ఒక గీత కట్టి ఇవ్వండి. లేకపోతే ఆ తేదీ మీద నిలువు గీత పెట్టి కారణం రాయండి. ఎంత దూరం నుంచి చూసినా ఆ నిలువు గీత పోకూడదు. ఆ తేదీ బకెట్ మధ్యలో పడితే ఆ బకెట్‌ను రెండుగా చీల్చండి.

వివరం మారిందని చూసేవాళ్లకు తెలియాలా? తెలియకుండా సాఫీగా మారితే మంచిది కదా?

మార్పు సాఫీగా ఉండాలి, కానీ తెలియాలి. వానను రోజు పట్టీల నుంచి నెల పట్టీలకు మార్చగానే నిలువు కొలత 60 నుంచి 200కు ఎగురుతుంది. చెప్పకపోతే వాన మూడింతలైందనుకుంటారు. చార్టు పైన ఒక వాక్యం ఎప్పుడూ ఉంచండి: "ఒక్కో పట్టీ ఒక వారం మొత్తం వాన". జూమ్‌తో పాటే ఆ వాక్యం మారాలి. వేలు పెడితే వచ్చే చిన్న పెట్టెలోనూ "సెప్టెంబరు 8 నుంచి 14 దాకా, మొత్తం 71 మి.మీ., జోరుగా పడిన పావుగంట 8 మి.మీ." అని పూర్తిగా రాయండి. వట్టి తేదీ, వట్టి అంకె పెడితే అది ఒక రోజుదో వారానిదో ఎవరికి తెలుస్తుంది?

చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో వింటారు. వాళ్లకూ ఆ వాక్యమే మొదట వినబడాలి, దాని కింద అదే బకెట్ల పట్టిక ఉండాలి. కీబోర్డులో ప్లస్, మైనస్‌తో జూమ్ అయ్యేలా చూడండి.

ఫోన్‌లో పేజీని కిందికి జరుపుదామంటే చార్టు జూమ్ అయిపోతోంది.

నిలువుగా లాగితే పేజీకి వదిలేయండి, అడ్డంగా లాగితే చార్టుకు, రెండు వేళ్లయితే జూమ్‌కు. పేజీ రూపాన్ని రాసే సీఎస్‌ఎస్‌లో టచ్ యాక్షన్‌కు ప్యాన్-వై అని పెడితే చాలావరకు కుదురుతుంది. అయినా నా అనుభవంలో చాలామంది రెండు వేళ్లతో జూమ్ చేయరు. రోజు, వారం, నెల, ఏడాది అని నాలుగు బటన్లు పెడితే వాటినే నొక్కుతారు. మొదట బటన్లు చేసి, ఆ తర్వాత వేళ్ల సంగతి చూడండి.

ఎస్‌వీజీనా, క్యాన్వాస్‌నా?

రెండూ బ్రౌజర్‌లో బొమ్మ గీసే పద్ధతులు: ఎస్‌వీజీలో ప్రతి ఆకారం విడి ముక్క, క్యాన్వాస్‌లో అంతా ఒకే చిత్రం. సరిగ్గా కుదించారంటే తెర మీద వెయ్యి పాయింట్లు మించవు, ఏదైనా నడుస్తుంది. పట్టీలు తక్కువగా ఉండి ఒక్కోదాన్ని నొక్కే వీలుండాలంటే ఎస్‌వీజీ సుఖం. గీతలు ఎక్కువైతే క్యాన్వాస్.

అంతా సరిగ్గా ఉందని ఎలా పరీక్షించాలి?

ముందు కూడికతో. ఒక ఏడాది వానను పావుగంట, గంట, రోజు, నెల స్థాయిల్లో విడివిడిగా కూడండి. నాలుగు మొత్తాలూ ఒకటే రావాలి. రాకపోతే హద్దుల దగ్గర ఒక రీడింగ్ రెండు బకెట్లలో పడుతోంది, లేదా ఎందులోనూ పడట్లేదు.

తర్వాత శిఖరంతో. పదేళ్ల ఉత్త సున్నాల మధ్య ఒకే ఒక్క పావుగంటలో పెద్ద అంకె పెట్టి, పూర్తిగా దూరం జరగండి. అది కనబడాలి. కనబడిన చోటికి జూమ్ చేసుకుంటూ వెళ్తే ప్రతి స్థాయిలోనూ కనబడుతూనే ఉండి, చివరికి సరైన పావుగంట దగ్గరికి చేర్చాలి. ఆ అంకెను రాత్రి 11:45కు ఒకసారి, ఉదయం 8:15కు ఒకసారి, 8:30కు ఒకసారి మార్చి చూడండి.

ఆఖరున నిజం డేటాతో. నీటి చార్టులకు నేను పెట్టుకున్న తేదీలు రెండు. ఒకటి 2009 అక్టోబర్ 2. రెండోది 2024 ఆగస్టు 10 రాత్రి, తుంగభద్ర డ్యామ్‌కున్న 33 గేట్లలో 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ నీళ్లు సుంకేసుల బ్యారేజీ మీదుగా మా ఊరికే రావాలి. ఫోన్ తీసుకుని, చార్టును ఇరవై ఏళ్లకు పెట్టి, ఎండలో నిలబడి చూస్తాను. ఆ రెండు చోట్లా గీత పైకి లేచి ఉంటేనే లింకు బయటికి పంపుతాను.